సీల్ వేసేముందు

నేను పనిచేసిన ఫోటో స్టూడియోలో తల దువ్వుకునే అద్దం ఒకటి ఉండేది. అరచేయంత, గుండ్రంగా, నడుమ పెద్ద రంధ్రంతో. మామూలు అద్దమేదీ అంత తేటగా ఉండదు. పాస్‌పోర్టు ఫోటో దిగడానికి వచ్చినవాళ్ళు ముక్కు ఆ రంధ్రంలో పడకుండా మొహాన్ని అటూ ఇటూ జరుపుకుంటూ పౌడరు అద్దుకునేవాళ్ళు. అదేమిటో వాళ్ళకు తెలియదు. అది ఒక హార్డ్ డిస్క్ లోపలి పళ్ళెం. చచ్చిపోయిన డిస్క్‌ను విప్పి, ఆ పళ్ళేన్ని గోడ మేకుకు తగిలించింది మా ఓనరు. ఆ డిస్క్‌తో ఆయన చేసిన తెలివైన పని అదొక్కటే.

గోదావరిఖని చౌరస్తాకు దగ్గరలో ఉండేది మా స్టూడియో. ప్రత్యేక రాష్ట్రం ఇంకా రాలేదు. ఎదురుగా దీక్షా శిబిరం టెంటు, దాంట్లో రోజుకో సంఘం వాళ్ళు కూర్చునేవాళ్ళు. డిగ్రీ అయ్యాక నేను ఆ స్టూడియోలో చేరాను. ఆల్బములు పేర్చడం, శుభలేఖలు టైపు చేయడం, పెళ్ళి వీడియోలు కత్తిరించి అతికించడం నా పని. ఓనరును అందరూ ‘అన్నా’ అనే పిలిచేవాళ్ళు, నేనూ అంతే. ఆయన దృష్టిలో ఆయన కళాకారుడు. గనిలో పనిచేసే పెళ్ళికొడుకునూ, బీడీలు చుట్టే పెళ్ళికూతురునూ తీసుకుపోయి మంచుకొండల ముందు నిలబెట్టేవాడు. తర్వాత ఇద్దరినీ తామరపువ్వులో కూర్చోబెట్టేవాడు. పువ్వు ముడుచుకుని విచ్చుకునేది. విచ్చుకునేసరికి జంట మాయమై, స్టూడియో పేరు బంగారు అక్షరాల్లో గిర్రున తిరిగేది. ప్రతి పెళ్ళికీ అదే పువ్వు. ‘ఎడిటింగంటె ఆర్టు’ అని కస్టమర్లకు చెప్పేవాడు. కస్టమర్లు తలలూపేవాళ్ళు. వాళ్ళమీద కూడా నాకు పెద్ద గౌరవమేమీ ఉండేది కాదు.

నేను పైకి ఏమీ అనేదాన్ని కాదు. పదిమందిలో నోరు తెరిస్తే మాట గొంతులోనే ఆగిపోయే మనిషిని. కంప్యూటరు వీడియోను సిద్ధం చేసుకుంటున్నంతసేపూ, కీబోర్డు కింది అరలో దాచుకున్న లైబ్రరీ పుస్తకం చదువుకునేదాన్ని. అనాలనుకున్నవన్నీ ఇంటికి పోయి డైరీలో అనేదాన్ని. అక్కడ మాత్రం నా అంత నోరున్న మనిషి మా కాలనీలోనే లేదు.

ఆ రోజుల్లో స్టూడియోకు ఒక అవ్వ వచ్చేది. ఆమె భర్త కోల్ ఫిల్లరు, అంటే భూమి లోపల బొగ్గును తట్టలతో టబ్బుల్లోకి ఎత్తిపోసినవాడు. రిటైరయ్యాడు. మా దగ్గర పెళ్ళి తర్వాత అంతటి వేడుక రిటైర్మెంటే. ఆఖరి షిఫ్టు ముగించి పైకి వచ్చిన మనిషికి గని దగ్గరే దండలు వేసి, పూలు కట్టిన జీపులో నిలబెట్టి, డప్పులతో ఇంటిదాకా ఊరేగిస్తారు. సాయంత్రం టెంటు, మైకు, మాంసంతో భోజనాలు. మైకులో యూనియన్ లీడర్లు మాట్లాడతారు, ఆఫీసర్లు మాట్లాడతారు. రిటైరైన మనిషి మాత్రం మెడలో దండల బరువుకు వంగి కూర్చుంటాడు. మాట్లాడమంటే రెండు చేతులు జోడిస్తాడు. అవ్వ భర్త మాత్రం లేచి మాట్లాడాడు. ఆ వేడుకను వీడియో తీసింది మేమే. కొన్నాళ్ళకు ఆయనకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. ఇప్పుడు అవ్వకు ఆ సీడీ కావాలి. ఓనరు రేపు మాపు అని తిప్పుతున్నాడు.

“అయ్యిందా నాయినా?”

“అవ్వా, ఎడిటింగ్ నడుస్తున్నది. గ్రాఫిక్స్ ఏస్తున్నం.”

“గ్రాఫిక్స్ నాకెందుకురా? ఆయన మాట్లాడింది ఇయ్యి, సాలు.”

“గట్ల ఉత్తగ ఇస్తె మా స్టూడియోకు బద్నాం కాదా?”

ఒకరోజు ఓనరు లేనప్పుడు వచ్చి మెట్లమీద కూర్చుంది. మంచినీళ్ళిచ్చాను. తాగి, చెంగుతో మూతి తుడుచుకుని తానే మొదలుపెట్టింది.

“ఆ ముసలోడు ఏమన్నడో ఎరికేనా బిడ్డా? ఇన్నేండ్లు నా ఇంటిది షిఫ్టు షిఫ్టుకు సద్ది డబ్బ కట్టింది, నేను ఏనాడు మంచిగున్నదని చెప్పలె, ఇయాల చెప్తున్న, మంచిగుండేది అన్నడు. నేను సంబురపడ్డ. ఎంటనే, అయితె ఉప్పు జెర్ర ఎక్కువుండేది అన్నడు. ఊరంత నవ్విరి. నన్ను అంతమంది ముంగట గంత మాటంటడా! ఇంటికొచ్చినంక కొట్లాడుదామనుకున్న. సుట్టాలు, పక్కాలు, ఆ పని, ఈ పని. నేను జవాబు చెప్పకముందే నోరు పడిపాయె. ఇప్పుడు నేను ఒక్కదాన్నే కొట్లాడితె ఏం బాగుంటది? ఆయన మాట ఆయనకు ఇనిపించి, అప్పుడు చెప్త జవాబు.”

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

ఆ వీడియో తీసిన క్యాసెట్టు మీద అప్పటికే ఇంకెవరిదో పెళ్ళి ఎక్కేసింది. కంప్యూటరులోకి ఎక్కించగానే క్యాసెట్టును మళ్ళీ వాడుకోవడం మా ఓనరు పొదుపు. కాబట్టి ఆ ముసలాయన మాట ఈ లోకంలో ఒక్కచోటే ఉంది: ఎడిటింగ్ కంప్యూటరు డిస్క్ మీద. ఆ డిస్క్ టక్ టక్ మంటోంది.

శబ్దం మొదలైనప్పుడు ఓనరు చేసిన వైద్యం ఇది. మొదట కంప్యూటరు డబ్బాను అరచేత్తో చరిచాడు. తర్వాత దానికి నిమ్మకాయ, మిరపకాయలు కట్టాడు. మంగళవారం అగరొత్తి తిప్పి, గాలి పీల్చుకునే జాలీ దగ్గరే గుచ్చాడు. ఆ బూడిదంతా లోపలికి. మా మెట్లమీద నిలబడితే కరెంటు తయారుచేసే పొగగొట్టాలు కనిపించేవి. అయినా మా కరెంటు రోజూ పోయేది. పోయినప్పుడు కంప్యూటరును కాపాడాల్సిన బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. దానికి పూల గుడ్డ కప్పి ఉంచాడు. ఇన్నీ చేశాక, “దిష్టి తగిలింది” అన్నాడు.

దిష్టి తగ్గకపోయేసరికి బావమరిదిని పిలిచాడు. ఆయన గనిలో ఎలక్ట్రీషియను. ఏదో ఊళ్ళో కొన్ని నెలలు హార్డ్‌వేర్ కోర్సు చేశాడు కనుక చౌరస్తాలో ఆయన పేరు ఇంజనీరు. జేబులో పెన్ను ఉండాల్సిన చోట స్క్రూడ్రైవరు ఉండేది. నేను కుర్చీలో ఉంటే ‘లే’ అనడు. కుర్చీ వెనక నిలబడి నేను లేచేదాకా గొంతు సవరించుకుంటాడు.

డిస్క్ శబ్దం విని, “బ్యాడ్ సెక్టార్లు” అన్నాడు.

ఆ మాటవరకు నిజమే. డిస్క్ పళ్ళెం మీద కంటికి కనబడని గళ్ళుంటాయి. ప్రతి ఫైలూ ఆ గళ్ళలో ముక్కలు ముక్కలుగా కూర్చుని ఉంటుంది. కొన్ని గళ్ళు చెడిపోతే అక్కడున్నది చదవడం కుదరదు. కంప్యూటరు మళ్ళీ మళ్ళీ ప్రయత్నించి బిగుసుకుపోతుంది. టక్ టక్ అంటే ఆ ప్రయత్నమే.

“అంటె ఏంది బావా?” అన్నాడు ఓనరు.

“గనిల బొగ్గు తీసే ఒక ప్యానెల్‌కు నిప్పంటుకున్నదనుకో. ఏం చేస్తం? గోడ కట్టి సీల్ ఏస్తం. నిప్పు ఆడ్నే సస్తది. మనం ఈ పక్కపొంటి బొగ్గు తీసుకుంటం. డిస్కు గూడ గంతే. రిపేరు కొడత, చెడిపోయిన జాగ సీల్ అయితది. మిగిలిన జాగల ఇంకో అయిదేండ్లు దున్నుకో.”

“ఫైళ్ళు పోతయా?”

ఇంజనీరు మౌసుతో ఫోల్డరు తెరిచాడు. పేర్లన్నీ వరసగా ఉన్నాయి. ఒక్కొక్కటి ఎన్ని ఎంబీల బరువో కూడా పక్కన రాసి ఉంది. “అన్ని ఉన్నయి కదా. మస్టర్ ఫుల్లు.”

మస్టర్ అంటే హాజరు. మా బొగ్గు బెల్టులో పుట్టిన వాళ్ళెవరికైనా తెలుసు, మస్టరు పడినంత మాత్రాన మనిషి పనిలో ఉన్నట్టు కాదని. హాజరు వేయించుకుని కల్లు కాంపౌండులో తేలినవాళ్ళు ప్రతి గనికీ ఉన్నారు. ఆ ఇద్దరిలో ఒకడు గనిలో పనిచేస్తాడు, ఇంకొకడి తండ్రి గనిలో పనిచేశాడు. ఇద్దరికీ పేరు కనబడితే చాలు. ఒక్క ఫైలునైనా తెరిచి చూద్దామని తట్టలేదు.

ఇంజనీరు వెళ్ళాక నేను చూశాను. అవ్వ భర్త వీడియో కొన్ని ముక్కలుగా ఉంది. ఊరేగింపు ముక్క ఆడింది. లీడర్ల ఉపన్యాసాలు దివ్యంగా ఆడాయి. ముసలాయన లేచి మైకు పట్టుకున్న ముక్క తెరవగానే కంప్యూటరు బిగుసుకుంది. టక్. టక్.

“అన్నా, అవ్వ వాళ్ళది తెరుసుకుంటలేదు” అన్నాను. ఓనరుతో ఆ రోజు నేను మాట్లాడిన మొదటి మాట బహుశా అదే.

“ఏ ముక్క?”

“ఆయన మాట్లాడింది.”

“ఓ గదా! గదానికి ఫికరెందుకు? మొన్న ఇంకొకాయనది తీసినం కదా, దాంట్లకెళ్ళి జీపు, దండలు పెట్టు. దూరంకెళ్ళి అందరు ఒక్క తీర్గనె కనబడ్తరు. ఎనుక సన్నాయి ఎయ్యి. ఎవనికి తెలుస్తది?”

ఆయన తమాషాకు అనలేదు. ఆ మాటను ఇప్పటికీ అప్పుడప్పుడు తలుచుకుంటాను, కోపం తగ్గిపోయిందేమో చూసుకోవడానికి. జీవితమంతా చీకట్లో మసి కొట్టుకుని ఒకరిలాగే ఒకరు కనిపించిన మనుషులు, ఒక్కరోజు దండ వేసుకుని వెలుతురులో నిలబడితే, అప్పుడు కూడా ఒకరి బదులు ఇంకొకరు సరిపోతారట.

సీల్ గురించి నాకు గనిలో పనిచేసిన మా నాన్న చెప్పగా తెలుసు. గనిలో దిగే ప్రతి మనిషీ లాంపు రూములో టోకెను ఇచ్చి తలలైటు తీసుకుంటాడు. పైకి వచ్చి లైటు అప్పజెప్పి టోకెను తీసుకుంటాడు. టోకెను ఇంకా బోర్డుకు వేలాడుతోందంటే మనిషి లోపల ఉన్నట్టు. నిప్పంటుకుని గోడ కట్టాల్సి వచ్చినప్పుడు మొదట చూసేది ఆ బోర్డునే. ఒకసారి ఇటుకలు, సిమెంటు అన్నీ దిగాక ఒక్క టోకెను మిగిలిందట. పని ఆపి వెతికారు. ఆ మహారాజు లైటు బ్యాటరీ నడుముకు ఉండగానే క్యాంటీనులో మిర్చి బజ్జీలు తింటూ దొరికాడు. పని చేయించే ఓవర్‌మన్ వాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాడు, కానీ వాడు దొరికేదాకా ఒక్క ఇటుక పెట్టనివ్వలేదు.

మర్నాడు పొద్దున, డ్యూటీకి పోతూ ఇంజనీరు వచ్చాడు. ఇంటినుంచి తెచ్చిన రిపేరు సీడీల సంచి తెరిచాడు. నా కుర్చీ వెనక నిలబడి గొంతు సవరించుకున్నాడు. లేచాను. ఆయన కూర్చుని రిపేరు మొదలుపెట్టడానికి సిద్ధమయ్యాడు. ఆ రిపేరు ఏం చేస్తుందో ముందురోజు సాయంత్రమే నెట్ సెంటర్లో చదివాను. చదవడం కుదరని గళ్ళను పక్కకు నెట్టి, వాటి బదులు ఖాళీ గళ్ళు ఇస్తుంది. ఫైలు పేరు అలాగే ఉంటుంది, బరువు అలాగే ఉంటుంది. లోపల అక్కడక్కడ ఏమీ ఉండదు. పైగా చచ్చిపోతున్న డిస్క్‌ను ఆ చివరినుంచి ఈ చివరిదాకా తవ్వుతుంది. నెమ్మదిగా అడిగితే ఇంకా దొరికే మాట కూడా ఆ తవ్వకంలో పోతుంది.

“లోపట ఎవరున్నరో సూడకుండ సీల్ ఏస్తరా?” అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఇంజనీరు చెయ్యి ఆగింది. ఓనరు మాత్రం ఫక్కున నవ్వాడు.

“ఓరి! ఈ పిల్లకు నోరున్నది బావా!”

“ఏందే చెల్లె?” అన్నాడు ఇంజనీరు.

“ఆ చెడిపోయిన జాగల ఏ ఫైళ్ళున్నయో ముందుగాల చూడాలె కదా. లాంపు రూముల చూసినట్టు.”

“కంప్యూటర్ల గట్ల కుదరది.”

“కుదురుతది.”

“ఎవరు చెప్పిండ్రు?”

“చదివిన.”

“చదివిందట!” అని ఇంజనీరు ఓనరు దిక్కు చూశాడు. కానీ కీబోర్డు వదిలి లేచాడు. లాంపు రూము మాట ఎక్కడో తగిలింది. గని మనిషి ఎంత గొప్పలు పోయినా, లోపల మనిషుండగా గోడ కట్టాడనే మాట మాత్రం పడలేడు. “సరే. డ్యూటీ అయినంక పొద్దుమీకి వస్త. గంతలోపు సూసుకో. లేకుంటె సీలే.”

ఓనరు పెళ్ళి షూటింగుకు రామగిరి వైపు పోయాడు. నేనూ, టక్ టక్ మనే డిస్కూ మిగిలాం.

నాకు అంతా తెలిసి చేశానని చెప్పను. నెట్ సెంటర్లో కూర్చుని చదివి, కాగితం మీద రాసుకున్నదే ఆధారం. మొదట, ఇంకా బాగున్నవాటిని ఒక్కో ఫోల్డరుగా వైరు గుండా పక్క కంప్యూటరులోకి పంపాను. ఎక్కడ ఆగిపోతే అక్కడ వదిలేసి ముందుకు. చాలావరకు నీళ్ళలా జారిపోయాయి. తామరపువ్వుకు వెంట్రుకంత దెబ్బ కూడా తగల్లేదు. బంగారు అక్షరాలూ క్షేమం.

తర్వాత, ఏమీ మార్చకుండా చదివి మాత్రమే చూసే పరీక్ష పెట్టాను. తెర మీద ఆకుపచ్చ గళ్ళు ఒక్కొక్కటే పరుచుకుంటూ పోయి, ఒకచోట ఎర్రవి మొదలయ్యాయి. ఒక్కో ఎర్ర గడికీ ఒక నంబరు. ఆ నంబరిస్తే అది ఏ ఫైలుదో చెప్పే చిన్న కమాండు ఒకటి ఉంది. నల్ల తెర, తెల్ల అక్షరాలు. ఆ నల్ల తెర కనబడితేనే వైరసొచ్చిందని మా ఓనరు స్విచ్చు పీకేసేవాడు. అందుకే ఆయన లేనప్పుడే చేయాల్సిన పని.

ఒక్కో నంబరూ అడిగాను. మొదట వచ్చిన జవాబులన్నీ ఒకటే: ఇక్కడ ఏ ఫైలూ లేదు. ఖాళీ జాగా. ఆ తర్వాత ఓనరు దొంగచాటుగా దింపుకున్న పాటలు కొన్ని. వాటికి నేను కన్నీరు పెట్టలేదు. తర్వాత ఒక పాప మొదటి పుట్టినరోజు, వాళ్ళ సీడీ ఎప్పుడో ఇచ్చేశాం. మిగిలిన నంబర్లు ఏవి అడిగినా ఒకే పేరు వచ్చింది. అవ్వ భర్త మాట్లాడిన ముక్క. అంత పెద్ద డిస్క్ మీద పుండు సరిగ్గా అక్కడే పడింది. లీడర్ల ఉపన్యాసాల మీద ఒక్క చుక్క పడలేదు. చెడిపోవడంలో కూడా మా కంప్యూటరుకు పెద్దమనుషులంటే భయం కాబోలు.

అదొక్క ఫైలు కోసం చివరి పని మొదలుపెట్టాను. ఒక్కో గడినీ ఓపికగా మళ్ళీ మళ్ళీ అడిగి, ఇచ్చినంత తీసుకుని, ఎంతకీ ఇవ్వనిచోట ఖాళీ వదిలి ముందుకు పోయే ప్రోగ్రాము అది. డిస్క్ మూలిగింది. నేను అరలోంచి పుస్తకం తీశాను కానీ చదవలేదు.

పొద్దు వాలుతుండగా ఓనరు వచ్చాడు. వెనకే ఇంజనీరు, హెల్మెట్టు చంకలో పెట్టుకుని. ఫైలు అప్పుడే పక్క కంప్యూటరులో చేరింది. ఆడించాను. ముసలాయన లేచి నిలబడ్డాడు. మైకు పట్టుకోగానే ఆయన మొహం రంగురంగుల పలకలై చెదిరిపోయింది. దండలు ఒకచోట, చెవి ఒకచోట. గొంతు మాత్రం వస్తోంది, తెగుతూ అతుకుతూ.

“ఛీ, ఏందిది!” అన్నాడు ఓనరు. “గిది బయటికిస్తె ఇజ్జత్ పోతది. నేను చెప్పినట్టు గా జీపు అతికియ్యి. బావా, నువ్వు డిస్కు పీకెయ్.”

“పీకితె దేనికి పనికొస్తది?” అన్నాడు ఇంజనీరు.

“లోపట పళ్ళెం మెరుస్తదంటరు కదా. అద్దం చేస్త.”

సరిగ్గా అప్పుడు మెట్లమీద అవ్వ చెప్పుల చప్పుడయింది. ఆమె లోపలికి రాలేదు, ద్వారం పట్టుకుని నిలబడింది.

“గది మా ముసలోని గొంతు” అంది.

ఓనరు తెరకు అడ్డంగా జరిగాడు. “అవ్వా, ఇది ఖరాబైంది. మంచిగ చేసి ఇస్త. గ్రాఫిక్స్...”

“నువ్వు జరుగురా.”

జరిగాడు. ఆమె లోపలికి వచ్చి తెర దగ్గరగా నిలబడింది. భర్త మొహం పలకలు పలకలుగా ఊగడం కాసేపు చూసింది. నేను “మొఖం రాలేదు అవ్వా, గింతనే దొరికింది” అన్నాను.

“మొఖం ఇంట్ల మంచంల ఉన్నది బిడ్డా. రోజు తుడుస్తున్న. మాట పెట్టు.”

మళ్ళీ మొదటినుంచి పెట్టాను. ‘నాకు మాటలు రావు’ అన్నాడు ఆయన. ‘నా ఇంటిది షిఫ్టు షిఫ్టుకు సద్ది డబ్బ కట్టింది. నేను ఏనాడు మంచిగున్నదని చెప్పలె. ఇయాల చెప్తున్న’ అన్నాడు. అక్కడ గొంతు తెగింది. తెర మీద ఒక ఆకుపచ్చ పలక అలాగే నిలిచిపోయింది. తర్వాత జనం చప్పట్లు. చప్పట్ల మీదుగా, ‘ఉప్పు మాత్రం జెర్ర ఎక్కువ’ అన్న మాట తేటగా వచ్చింది, దాని వెనకే ఊరంతా నవ్వు.

మెచ్చుకున్న మాటే పోయింది. నేను తల దించుకున్నాను. ఓనరుకు మాత్రం హుషారొచ్చింది.

“సూసినవా అవ్వా? అసలు మాటనే పాయె. అందుకే అంటున్న, సన్నాయి ఏసి...”

“నీ సన్నాయి నీ పెండ్లికి ఏసుకో” అంది అవ్వ. ఇంజనీరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఆమె నావైపు తిరిగింది.

“మంచిగుండేదన్నది పోయిందా? పోనియ్యి బిడ్డా. అది నలుగురి కోసం అన్నది. ఉప్పుదే నాకన్నది.”

సీడీ చేసి ఇచ్చాను. ఓనరు దగ్గరుండి చూశాడు, తన స్టూడియో పేరు దాని మీద ఎక్కడా పడకుండా. తామరపువ్వు లేదు, బంగారు అక్షరాలు లేవు. ఆ స్టూడియోలో నేను చేసిన వాటిలో చూడదగ్గది అదొక్కటే. అవ్వ దాన్ని చెంగులో చుట్టుకుంది. మెట్లు దిగుతూ షేర్ ఆటో వాణ్ణి కేకేసి ఆపింది.

“ఏడికవ్వా, గంత జల్ది?” అన్నాడు వాడు.

“ఇంటికి. కొట్లాట బాకి ఉన్నది.”